నీళ్ళలో ఎవరూ లేరని చెప్పే గుడ్డ

కాలువ లాకు మీద ఉద్యోగమంటే తలుపులు తియ్యడం, వెయ్యడం అనుకుంటారు. చేరినప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. కొత్తగా లస్కర్లుగా, అంటే కాలువ పనివాళ్ళుగా, వస్తున్న కుర్రాళ్ళు ఈ మధ్య మా ఇంటికి వచ్చి, "మీ రోజుల్లో ఎలాగుండేదండీ బాబయ్యగారూ" అని అడుగుతున్నారు. వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్లు, బదిలీలు వాళ్ళకు పనికిరావు. పనికివచ్చేవి రెండు మూడే ఉన్నాయి.

నేను ఏడో తరగతి దాటలేదు. లెక్కల మీద మాత్రం ఆశ ఎక్కువ. షట్టరు ఇంత ఎత్తితే దిగువన నీరు ఎంత పెరుగుతుంది, ఎంతసేపట్లో పెరుగుతుంది అన్నది ఎవరూ చెప్పకుండానే కట్టి చూసుకుని, తప్పితే దిద్దుకుని నేర్చుకున్నాను. లెక్కకు అందనిది లోకంలో ఉండదని చాలాకాలం నమ్మాను.

అరటి బోదె

మా లాకు కొత్తపేట నుంచి అమలాపురం వైపు వచ్చే కాలువ మీద ఉంది. నాకు పని నేర్పిన సూపర్వైజరు గారు మొదటిరోజే నన్ను గట్టు మీద నిలబెట్టి, "రత్నం, నీళ్ళెలా పోతున్నాయి?" అన్నారు. ఎగువ నుంచి గాలి వీస్తోంది. అలలు దిగువకు పరుగెడుతున్నాయి.

"జోరుగా దిగువకేనండి."

ఆయన పక్క తోటలోంచి మూరెడు అరటి బోదె నరికించి నీళ్ళలో వేయించారు. అది మూడొంతులు మునిగి, పైన కాస్త తేలి, వేసినచోటే నిలబడిపోయింది. అలలు దాని పక్కనుంచి పోతున్నాయి గాని అది కదల్లేదు. షట్టర్లు దించి ఉన్నాయని అప్పుడు చూసుకున్నాను.

"నీ కళ్ళు గాలిని చూసేయి. బోదె నీటిని చూసింది. గాలికి బోదె కదల్దు, నీరు కదిలితేనే కదుల్తుంది. ఇది మర్చిపోకు" అన్నారు.

మర్చిపోలేదు. పై అధికారుల్లో అంత మంచి మాట చెప్పినవారు నాకు మరొకరు తగల్లేదు.

కబురు

ఎగువ లాకుకూ మాకూ మధ్య టెలిఫోను తీగ ఉండేది. గాలివాన వస్తే వారాల తరబడి పలికేది కాదు. అందుకని పాతకాలం నుంచి ఒక పద్ధతి ఉంది. ఎగువవాళ్ళు షట్టర్లు పైకెత్తబోయే ముందు ఒక అరటి బోదెకు ఎర్ర గుడ్డ కట్టి వదిలేవారు. దాన్ని 'కబురు' అనేవాళ్ళం. కబురు అనుకున్న వేళకు మా దగ్గరికి చేరితే దారిలో గుర్రపుడెక్క అడ్డం లేదని అర్థం. ఆలస్యమైతే ఎక్కడో కాలువ పూడుకుందని అర్థం. కబురు అందగానే మేం గుడ్డ విప్పి, మా మనిషికిచ్చి సైకిలు మీద ఎగువకు పంపేవాళ్ళం. ఆ గుడ్డ తిరిగి వెళితే, దారి బాగుంది, మావాళ్ళెవరూ నీళ్ళలో లేరు, ఎత్తుకోండి అని చెప్పినట్టు. గుడ్డ రాకుండా షట్టరు ఎత్తకూడదు. ఏ రూలు పుస్తకంలోనూ లేదు గాని, దీన్ని ఎవరూ తప్పేవారు కాదు.

పంపే గుడ్డకు ఒక ముడి వేసేవాళ్ళం. మా తమ్ముడు దాసు వేసే ముడి వేరుగా ఉండేది. కొసలు లోపలికి దూర్చి చిన్న మొగ్గలా చేసేవాడు. ఆ ముడి వాడికి నేర్పింది ఎగువ లాకు సూర్రావు గారే. "దాసుబాబు గుడ్డండి ఇది, కళ్ళు మూసుకుని తడిమినా తెలిసిపోద్ది" అనేవారు. మా తాతలు ఆసాముల చేలల్లో కూలికి వెళ్ళినవాళ్ళు. మా ఇంట్లో మొదటి సర్కారు జీతం నాది, రెండోది దాసుది.

పూలు

డెబ్భైల మధ్యలో ఒక ఏడు నారుమళ్ళు ఎండిపోతున్న రోజులు. మా షట్టర్ల దగ్గర గుర్రపుడెక్క పేరుకుంటే దాసు కత్తి పట్టుకుని నీళ్ళలో దిగాడు. మిట్టమధ్యాహ్నం. కబురేదీ రాలేదు, కాబట్టి మాకు భయం లేదు.

నేను నీటిమట్టం గీతలుండే గేజి రాయి దగ్గర ఉన్నాను. చూస్తుండగా ఒక గీత మునిగింది. మునగకూడదు. నా కళ్ళు తప్పేమో అనుకున్నాను. ఇంకో గీత మునిగింది.

"దాసూ, పైకొచ్చెయ్."

"ఒక్క మొద్దే ఉందన్నయ్యా, ఇది కోసేసి ఒచ్చేస్తాను."

అప్పుడు వంపు తిరిగి గుర్రపుడెక్క చాప వచ్చింది. కాలువ వెడల్పంతా ఉంది. ఒంటినిండా ఊదారంగు పూలు. చప్పుడన్నది లేదు. ఎవరో తోట పరిచి లాక్కొస్తున్నట్టు వచ్చి షట్టర్లకు ఆనుకుని ఆగింది. దాసు ఉన్నచోట పూలు ఉన్నాయి.

విచారణకు వచ్చిన ఆఫీసరు గారు చెడ్డవారు కాదు. భోజనం వేళకు పని తేలిపోవాలనుకునే మనిషి. సూర్రావు గారు నేల చూస్తూ, "కబురు పంపేనండి. గుడ్డ తిరిగొచ్చేకే ఎత్తేనండి" అన్నారు. గుడ్డ మేం పంపలేదని నేను మొత్తుకున్నాను. ఆ రోజు రైతులు ఎగువ లాకు మీద కూర్చుని కేకలు వేస్తుంటే బెదిరి, కబురు పంపకుండా ఆయన షట్టరెత్తారని ఆ రైతులకూ తెలుసు. ఎవరూ నోరెత్తలేదు. కబురు అందిన తర్వాత కూడా జాగ్రత్త లేకుండా నీళ్ళలో ఉన్నాడని తప్పు దాసు మీద రాశారు. చచ్చిపోయినవాడు కాదనలేడు కదా.

చేదు

ఆ తర్వాత సూర్రావు గారు రిటైరయ్యేదాకా ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. పని నడిచింది. ఆయన కబురు పంపేవారు, నేను గుడ్డ తిరిగి పంపేవాణ్ణి, ఏ ముడీ వెయ్యకుండా, ఉండ చుట్టి.

చర్చికి మానలేదు. ప్రభువు నేర్పిన ప్రార్థన అందరం కలిసి చెప్పేటప్పుడు, క్షమించడం గురించిన ముక్క వచ్చేసరికి నా నోరు మూసుకునేది. తర్వాతి ముక్క దగ్గర అందుకునేవాణ్ణి. ఎవరికీ తెలియదనుకున్నాను. ఒక ఆదివారం ఇంటికొస్తూ నా భార్య కరుణమ్మ అంది:

"మీరు అక్కడ గొంతు మింగేస్తారేంటండీ? మీ పక్కన నిలబడి చెబుతుంటే గుంటలో కాలు పడ్డట్టుంటుంది నాకు."

"అబద్ధం చెప్పమంటావా దేవుడితో?"

"నిజం చెప్పేలా అవ్వమంటున్నాను" అంది.

ఆమెతో రెండు రోజులు మాట్లాడలేదు. చేదు అలాంటిది. ఒకడి మీద పెట్టుకుంటే ఇంట్లో అందరి కంచంలోనూ పడుతుంది. నాకు నిద్ర పట్టేది, ఆకలి వేసేది, పని చేసేవాణ్ణి. కాలువ చూస్తే మాత్రం నీళ్ళు కనిపించేవి కావు. ఆ పూలే కనిపించేవి.

కట్టేసిన కాలువలో

ఎండాకాలంలో మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు. మా లాకు ఎగువన మాత్రం మైలు పైన నడుం లోతు నీరు నిలిచి ఉంటుంది. నిలవనీరు, కదలదు. సూర్రావు గారు రిటైరైన రెండో ఏడు, ఎనభైల మొదట్లో, అలాంటి ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం షట్టరు మీద ఎవరో తట్టినట్టు చప్పుడైంది.

వెళ్ళి చూస్తే అరటి బోదె. దానికి ఎర్ర గుడ్డ కట్టి ఉంది.

బోదె అప్పుడే నరికినది. కోసినచోట జిగురు కారుతోంది. ఎగువ లాకుకు ఫోను చేశాను. ఆ రోజు తీగ పలికింది. "కబురేంటండీ? కాలువ కట్టేసుంటే కబురెందుకు పంపుతామండీ?" అని నవ్వాడు అక్కడి కొత్త మనిషి.

మర్నాడు అదే వేళకు మళ్ళీ టక్, టక్. ఆ మర్నాడూ అంతే. గాలి సముద్రం వైపు నుంచి, అంటే దిగువ నుంచి ఎగువకు వీస్తోంది. నిలవనీటిలో ఎదురుగాలికి బోదె రావడమన్నది నేను నేర్చిన ఏ లెక్కలోనూ లేదు. గుడ్డలు కూడా మారుతూ వచ్చాయి. మొదట మా లాకు గుడ్డలాంటిదే. తర్వాత ఎర్ర చీర అంచు. ఇంకోరోజు ఆడపిల్ల జడ రిబ్బను.

నాతో పనిచేసే లస్కరు వెంకన్న షట్టర్ల వైపు రావడం మానేశాడు.

"మీ తమ్ముడుగారేనండి. ఆ టయానికే కదండీ పోయింది."

"దెయ్యమైతే బోదె నరకడానికి కత్తెక్కడిదోయ్?"

"దాసుగారు కత్తితోటే కదండీ దిగేరు" అన్నాడు మెల్లగా.

వాడు హాస్యానికి అనలేదు. దాసు దొరికాడు గాని ఆ కత్తి దొరకలేదు.

గుడ్డ విప్పడానికి చెయ్యి రాలేదు. గెడతో బోదెను పక్క తూము దాటించి దిగువకు తోసేసేవాణ్ణి. ఇంట్లో కరుణమ్మ ఆ వేళకు అన్నం వడ్డించడం మానేసింది. టక్, టక్ అని వినిపించి ఆగిపోయాక వడ్డించేది.

గెడ

లెక్కకు అందనిది ఉండదనే నమ్మకమే నన్ను ఒకరోజు గట్టు వెంట ఎగువకు నడిపించింది. ఎండ నడినెత్తిన ఉంది. మనిషి లేడు, పిట్ట లేదు. మైలు దూరంలోని చిన్న ఊరు ఇంకా రాకముందే, మొగలి పొదల అవతల కాలువలో బోదె కనిపించింది. అద్దంలాంటి నీటి మీద తనంత తాను వస్తోంది. కొంత దూరం వచ్చి ఆగుతుంది. ఊపిరి పీల్చుకున్నట్టు కాసేపు ఆగి మళ్ళీ కదులుతుంది. నా నోట ప్రార్థన మొదలైంది. అలవాటుకొద్దీ ఆ ముక్క దగ్గరే ఆగింది.

అప్పుడు పొద నీడలోంచి వెదురు గెడ కొస బయటికి వచ్చింది. బోదెను నెమ్మదిగా ముందుకు నెట్టింది. గెడ వెనక నడుం లోతు నీళ్ళలో ఒక ముసలాయన. ఎముకలు లెక్కపెట్టుకోవచ్చు. ముందుకు వంగి నడుస్తుంటే గడ్డం కొస నీటిని తాకుతోంది. పెదవులు ఏదో అంటున్నాయి.

సూర్రావు గారు.

రోజూ ఇలా షట్టరు దాకా నెట్టి, పొదల చాటునే వెనక్కి పోతున్నారన్నమాట. నాకు జాలి వెయ్యలేదు. వేసిందని రాస్తే బాగుంటుంది గాని నిజం కాదు. దెయ్యం కాదని తెలిసినందుకు స్థిమితపడి, ఆయన అలా ఉన్నందుకు సంతోషపడి వెనక్కి వచ్చాను. వెంకన్నకు చెప్పలేదు. మర్నాటి నుంచి చప్పుడు వినిపిస్తే లేచి వెళ్ళి బోదెను ఇంకా దూరంగా తోసేవాణ్ణి.

మంగాయమ్మ గారు

కాలువలకు నీళ్ళు వదిలే రోజు దగ్గరపడింది. సోమవారం వదులుతారని ఆర్డరు వచ్చింది. ఆ శనివారం సూర్రావు గారి భార్య మంగాయమ్మ గారు మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. కరుణమ్మ కూర్చోమంటే కూర్చోలేదు.

"రత్నం గారూ, ఆయనకి మతి సరిగ్గా లేదండి. పొద్దున్నే లేచి బోదె నరుకుతారు. దాసుబాబు నీళ్ళలో ఉన్నాడు, కబురు పంపాలంటారు. సాయంత్రం ఒచ్చి, గుడ్డొచ్చిందా అనడుగుతారు. రాలేదంటే ముద్ద ముట్టరండి. నా చీరలన్నీ చింపేసేరు."

"మీరే ఒక గుడ్డ ఇచ్చి వచ్చిందని చెప్పకపోయారా?" అన్నాను.

"చెప్పేనండి. తడిమి చూసి, ఇది దాసు ముడి కాదే అన్నారు. ఆ ముడి నాకు రాదండి." ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "సోమవారం నీళ్ళొస్తాయి కదండీ. ఎంత పట్టుకున్నా ఆగరు. ఆ డెక్కలో... మీకు నేను చెప్పాలా అండీ?"

ఆవిడ వెళ్ళిపోయారు. ఆ ముడి నన్ను వెయ్యమని ఆవిడ అడగకుండానే అడిగారని అర్థమైంది. ఇంకోటి కూడా అర్థమైంది. సోమవారం ఎగువ నుంచి అసలైన కబురు నా దగ్గరికే వస్తుంది. నీళ్ళలో ఎవరూ లేరని గుడ్డ తిరిగి పంపవలసింది నేనే. సూర్రావు గారు నీళ్ళలో ఉన్నా పంపవచ్చు. ఆ ఆలోచన నేను పిలవకుండానే వచ్చింది. వచ్చి, ఎప్పటినుంచో తెలిసిన చుట్టంలా కూర్చుంది. దాసు పోయిన రోజు కూడా నాకు అంత భయం వెయ్యలేదు.

ఆదివారం

మర్నాడు ఆరాధన కాకముందే పాస్టరు అయ్యగారిని చర్చి వెనక పట్టుకుని అంతా చెప్పాను. సోమవారం సంగతి కూడా చెప్పాను.

"క్షమించాలని తెలుసండి. మనసు రావట్లేదండి" అన్నాను.

అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మనసు సంగతి తరవాత చూద్దాంలెండి. అది ఎవరి చేతిలో ఉందో వారే చూసుకుంటారు. ఆ ముడి మీకొచ్చా?"

"వచ్చండి."

"ఎంతసేపు పడుతుంది వెయ్యడానికి?"

"క్షణం పట్టదండి."

"ఆ క్షణం ప్రభువుకిచ్చెయ్యండి. మిగతా ఏడెనిమిదేళ్ళ సంగతి తరవాత అడుగుతారేమో."

ప్రార్థనలో ఆ ముక్క వచ్చింది. అప్పుడూ చెప్పలేదు. అబద్ధమయ్యేది. కాని ఈసారి నోరు మూసుకోలేదు. తెరిచి, మాట లేకుండా నిలబడ్డాను. కరుణమ్మ నా చెయ్యి పట్టుకుంది.

ఇంటికి వచ్చేసరికి టక్, టక్ అని వినిపిస్తోంది. షట్టరు దగ్గరికి దిగి, బోదె మీది గుడ్డ విప్పాను. ఎర్ర రవికె చెయ్యి అది. ముడి మొదట కుదర్లేదు. కొసలు లోపలికి దూర్చి మొగ్గ చేశాను. దాసు పోయాక ఆ ముడి వెయ్యడం అదే మొదలు. సైకిలెక్కి గట్టు వెంట వెళ్ళాను.

ఆయన మొగలి పొదల దగ్గర గట్టు మీద కూర్చుని ఉన్నారు. ఒంటి మీద బురద ఆరి తెల్లబడింది. సైకిలు చప్పుడుకు తలెత్తారు. నా ముఖంలోకి చాలాసేపు చూశారు. చూపు నా మీద ఉంది గాని చూస్తున్నది నన్ను కాదు. మా అన్నదమ్ములిద్దరిదీ ఒకటే పోలిక.

"దాసుబాబూ! పైకొచ్చేసేవా?"

గుడ్డ ఆయన చేతిలో పెట్టాను. కళ్ళు మూసుకుని వేళ్ళతో ముడి తడిమారు.

"నేను కబురు పంపలేదురా. పంపేనని చెప్పేను. మీ అన్నయ్య ముందే చెప్పేను. ఆయన ఇంకా నా మీద కోపంగానే ఉన్నాడా?"

నేను రత్నాన్ని అని చెప్పడానికి నోరు తెరిచాను. మరో మాట బయటికి వచ్చింది. గొంతు నాదే గాని, ఆ మాట నేను ఆలోచించుకున్నది కాదు.

"లేదండి. అన్నయ్యకి కోపం లేదండి. నేను పైకొచ్చేసేను. నీళ్ళలో ఎవరూ లేరు, ఇంక ఎత్తుకోండి."

"ఎత్తెయ్యనా?"

"ఆయ్. ఎత్తెయ్యండి."

ఆయన గాలిలోనే రెండు చేతులూ పెట్టి షట్టరు చక్రం తిప్పినట్టు తిప్పారు. తిప్పుతూ తిప్పుతూ ఏడ్చారు. చివరికి ఆయాసపడుతూ, "ఆకలేస్తోందిరా" అన్నారు. సైకిలు మీద కూర్చోబెట్టుకుని ఆ చిన్న ఊళ్ళోని ఆయన ఇంటికి తీసుకెళ్ళాను. మంగాయమ్మ గారు అన్నం కలిపి పెడుతుంటే, ఎడం చేతి గుప్పిట్లో గుడ్డ వదలకుండా తిన్నారు.

సోమవారం ఆయన నీళ్ళలోకి దిగలేదు. ఎగువ నుంచి అసలైన కబురు వచ్చాక, గట్టు వెంట ఒకసారి నడిచి చూసి మరీ, ముడి వేసి గుడ్డ పంపాను.

తర్వాత

కోపం ఆ రోజుతో పోయిందని కొత్తగా చేరే కుర్రాళ్ళు అనుకోకూడదు. మళ్ళీ మళ్ళీ వచ్చింది. వచ్చినప్పుడల్లా ఆయన ఇంటికి వెళ్ళి కాసేపు కూర్చుని వచ్చేవాణ్ణి. నన్ను దాసూ అనే పిలిచేవారు, నేను పలికేవాణ్ణి. చర్చిలో ఆ ముక్క చెప్పగలిగిన ఆదివారం ఏదో గుర్తులేదు. కరుణమ్మను అడిగితే ఆమెకు గుర్తుంది, చెప్పదు.

రెండేళ్ళకు ఆయన పోయారు. గుడ్డ చేతిలో ఉంచే పంపించామని మంగాయమ్మ గారు చెప్పారు.

ఆ మరుసటి ఎండాకాలం, కాలువ కట్టేసిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం మేం అన్నానికి కూర్చోబోతుంటే షట్టరు మీద టక్, టక్ అని వినిపించింది. కరుణమ్మ గరిట పట్టుకుని ఆగిపోయింది. వెళ్ళి చూశాను. అరటి బోదె, అప్పుడే నరికినది. గుడ్డ లేదు. గుడ్డ ఉండే చోట, ఎవరో విప్పుకున్నట్టు, తడి గుర్తు మాత్రం ఉంది. ఎగువకు చూశాను. నీరు నిలిచి ఉంది. ఎదురుగాలి వీస్తోంది. మొగలి పొదల దాకా నడిచి వెళ్ళాను. గెడ లేదు, బురదలో అడుగు లేదు.

షట్టర్ల కింద ఒకసారి వంగి చూశాను. తర్వాత ఎగువకు తిరిగి, "అందిందండీ, నీళ్ళలో ఎవరూ లేరు" అని గట్టిగా చెప్పాను.

ఆ బోదె ఎలా వచ్చిందో నేను లెక్క కట్టలేదు. ఇంట్లోకి వచ్చి, చెయ్యి కడుక్కుని, అన్నానికి కూర్చున్నాను.